మోచేతి మేస్టారి కుడి తొడ

పెళ్లి ఫొటోలో మేస్టారి కుడి మోచేయి నడుముకి అతుక్కుని ఉంటుంది. పక్కన పెళ్లికూతురు, చుట్టూ బంధుజనం. పిస్తోలు ఆ రోజు ఆయుధాల గదిలో తాళం కింద క్షేమంగా ఉంది. అయినా మోచేయి తన డ్యూటీ తను చేసింది. "చెయ్యి కాస్త వదులుగా పెట్టండి సార్" అని ఫొటోగ్రాఫరు మూడుసార్లు బతిమాలాడట. నాలుగోసారి పెళ్లికూతురే కలగజేసుకుని, "పోన్లెండి, ఆయన్ని అలాగే తయారుచేసి పంపించారు" అందట. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆవిడకి ఈ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ఆయనది గన్‌మన్ ఉద్యోగం. అంటే ప్రాణభయం ఉన్న పెద్దవాళ్ల వెనక ఒక అడుగు దూరంలో నడవడం. ఒక మంత్రిగారి వెనక కొన్నాళ్లు, ఆయన పదవి ఊడాక ఇంకో మంత్రిగారి వెనక కొన్నాళ్లు, ఇప్పుడు ఆరేళ్లుగా ఒక జడ్జిగారి వెనక. ఈ జీవితకాలంలో ఆయన చూసినన్ని వీపులు ఏ దర్జీ చూసి ఉండడు. ఆ జడ్జిగారు ఆడమనిషి, మితభాషి. ఆరేళ్లలో ఈయనతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా పోస్టుకార్డులో సగం మిగులుతుంది.

పందొమ్మిదేళ్లుగా ఏటా రెండేసి వారాలు కొత్తగా చేరినవాళ్లకి ఆయన పాఠం చెబుతున్నారు. మేస్టారన్న బిరుదు అక్కడిది. మోచేయి ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. పిస్తోలు పేల్చడం నేర్పడానికి వేరే వాళ్లున్నారు. చప్పుళ్లూ వాళ్లవే, చప్పట్లూ వాళ్లవే. పిస్తోలు పోకుండా చూసుకోవడం ఎలాగన్న నిశ్శబ్ద శాస్త్రం ఈయన పాలబడింది.

"మీరు ఏ గదిలోకి వెళ్లినా ఆ గదిలో ఒక పిస్తోలున్నట్టే. అది సాయంత్రం దాకా మీ దగ్గరే ఉండటం మీ ఉద్యోగం" అని మొదలుపెట్టేవారు. "ముఖాలు చూడకండి. ముఖం ఎంత అబద్ధమైనా ఆడుతుంది. చేతులు చూడండి, వాటికి అంత చదువు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, పిస్తోలు తడుముకోకండి. బస్సులో పర్సు తడుముకునేవాడు దొంగకి దారి చూపిస్తున్నట్టే. ఉందో లేదో చేత్తో కాదయ్యా, ఒంటితో తెలియాలి. చెయ్యి దించి ఉన్నంతసేపూ మోచేతికి తెలుస్తుంది. జనాన్ని ఆపడానికో తలుపు తియ్యడానికో చెయ్యెత్తారనుకోండి, అప్పుడు తొడకి తెలుస్తుంది. ఆ తెలివి కూడా లేకపోతే ఇంటికెళ్లి పడుకోండి."

ఈ ఆఖరి మాటకి ఏ ఏడు బ్యాచ్ ఆ ఏడు నవ్వేది.

ఎనిమిది నెలల క్రితం ఆయన కుడి తొడ మొద్దుబారింది.

ఆ సంగతి ముందు ఆయనకి తెలియలేదు. మొద్దుబారడంలో ఉన్న సౌకర్యమే అది. ఒక ఆదివారం పొద్దున కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే, కూతురు అందించిన టీ కప్పు చెయ్యి జారి తొడ మీద ఒలికింది. ఆయన పేపరు తిప్పారు.

"నాన్నా, టీ!"

"బాగుందమ్మా."

"బాగుండటమేంటి నాన్నా, కాలి మీద పోశాను! పొగలొస్తోంది!"

ఆయన కిందికి చూసుకున్నారు. లుంగీ తడిసి చర్మానికి అంటుకుపోయింది, అంచుల్లో ఎర్రబడుతోంది. వేలితో నొక్కుకున్నారు. వేలికి తొడ తెలిసింది, తొడకి వేలు తెలియలేదు. తలెత్తేసరికి కూతురు ఆయన ముఖం చూడటం లేదు. గోడకి తగిలించిన బెల్టుని చూస్తోంది.

డిపార్టుమెంటు డాక్టరు దగ్గరికి వెళితే కాగితం మీదికెక్కుతుంది. అందుకని నాలుగు వీధుల అవతల ఉన్న ఒక ముసలి డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు గుండుసూదితో గుచ్చుతూ, "ఇక్కడ? ఇక్కడ?" అని అడుగుతూ, తెలియని చోటల్లా పెన్నుతో గీత గీశాడు. చివరికి తొడ పక్కన రెండు అరచేతులంత దేశపటం తయారైంది. ఒర వేలాడేది సరిగ్గా ఆ దేశంలోనే.

"నడుముకి ఏం కడతారు?" అన్నాడు డాక్టరు.

"బెల్టండి."

"బెల్టు నేనూ కడతాను."

మేస్టారు నిజం చెప్పారు. పిస్తోలు, రెండు మ్యాగజీన్లు, వాకీటాకీ, సంకెళ్లు, ఇరవై ఆరేళ్లు. డాక్టరు తలూపాడు. "తుంటి దగ్గర నరం నలిగిపోయిందండీ. బెల్టు తీసేయండి, స్పర్శ తిరిగొస్తే రావచ్చు. తియ్యకపోతే మాత్రం రాదు."

"బెల్టు తీస్తే ఇల్లు పోతుంది డాక్టరుగారూ."

"బెల్టుకీ ఇంటికీ ఏమిటి సంబంధం?"

ఉంది. మేస్టారు ఉండే క్వార్టర్స్ సాయుధ విధుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే. పది అడుగుల గోడ, ఒకటే గేటు, గేటు దగ్గర పగలూ రాత్రీ ఇద్దరు సెంట్రీలు. పిస్తోలు మొయ్యడానికి పనికిరాడని తేలినవాడు ముప్పై రోజుల్లో సామాను సర్దుకోవాలి. ఇందులో దయాదాక్షిణ్యాలకి తావు లేదని రూలు పుస్తకంలో లేదు కానీ, ఉన్నదని కూడా లేదు. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. పది అడుగుల గోడా, ఇద్దరు సెంట్రీలూ ఉన్న ఇల్లు దొరకదు. ఏడాది క్రితం కూతురు చేతికి కట్టుతో, కాళ్లకి చెప్పులు లేకుండా ఆ గేటులోంచి లోపలికి వచ్చింది. ఆ తరవాత తండ్రో తల్లో పక్కన లేకుండా మళ్లీ బయటికి వెళ్లలేదు.

అల్లుడుగారు రోజూ సాయంత్రం వస్తారు. మోటారుసైకిలు గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల నిలిపి దాని మీద కూర్చుంటారు. అరవరు, తిట్టరు, రాళ్లు వెయ్యరు. రోడ్డు సర్కారుదని తెలిసిన మనిషి. ఒకసారి కూరల బజారులో అత్తగారు కనిపిస్తే సంచీ అందుకోబోయి ఎంతో మర్యాదగా, "మామగారు ఎప్పటికో ఒకప్పుడు రిటైరవుతారు కదండీ అత్తయ్యా. నేను అవను" అన్నారు. ఆవిడ కూరలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

అందుచేత మేస్టారు నోరు కుట్టేసుకున్నారు. పందొమ్మిదేళ్లు తను చెప్పిన పాఠాన్ని రోజుకి నూరుసార్లు తప్పడం మొదలుపెట్టారు. తడుముకోవడం. కారు దిగితే ఒకసారి, మెట్టెక్కితే ఒకసారి, లిఫ్టులో రెండుసార్లు. తొడ మోసే కబురు తొడ మొయ్యకపోయేసరికి ఆ పని చెయ్యి మీద పడింది. పిస్తోలు అడుగునున్న రింగుకి నల్లదారం కట్టి, రెండో కొస బనీనుకి కుట్టించుకుని చూశారు, లాగితే ఛాతీకైనా తెలుస్తుందని. మూడోరోజు గట్టిగా తుమ్మితే దారం తెగింది. చిన్న గంట కడితే ఎలా ఉంటుందా అని కూడా ఒక సాయంత్రమంతా నిజంగానే ఆలోచించారు. మనిషి ఎంత మునిగితే అలాంటి ఆలోచన తేలుతుందో ఊహించుకోవచ్చు.

జడ్జిగారి డ్రైవరు ముందు పసిగట్టాడు. "ఏంటి మేస్టారూ, ఇందాకటి నుంచీ అన్నిసార్లు తడుముతున్నారు? గుడ్లు పెట్టిందా ఏంటి?"

"నోర్ముయ్యరా."

"నాకెందుకు గానీ, మొన్న పార్కింగులో ఎవడో మీ చెయ్యి ఎటు పోతే అటు చూస్తున్నాడు. పాఠం మీరే చెప్పారుగా."

మేస్టారు ఆ పూటంతా అదే లెక్క వేశారు. చూస్తున్నవాడు ఉత్త సోమరి కావచ్చు. కాకపోవచ్చు. జడ్జిగారు ఆ నెలలో వింటున్న కేసులో ముద్దాయిలు పదకొండుమంది, వాళ్ల తమ్ముళ్లూ బావమరుదులూ బయట ఎంతమందో లెక్కలేదు. వాళ్లలో ఒకడు వెనకనుంచి చెయ్యి వేస్తే, తన పిస్తోలుతో, తన కళ్లముందు, ఒక అడుగు దూరంలో ఉన్న ఆ వీపు. అక్కడిదాకా వచ్చి ఆయన ఆలోచన ఆగిపోయేది. మర్నాడు మళ్లీ బెల్టు బిగించుకునేవారు. బయట ఆ మోటారుసైకిలు ఉన్నంతకాలం లోపల ఈ బెల్టు ఉండాలి.

"ఎన్నాళ్లిలా?" అంది భార్య.

"అమ్మాయి కేసు తేలేదాకా."

"అది తేలేలోపు మీరు తేలిపోయేలా ఉన్నారు."

అల్లుడి మీద కూతురు పెట్టిన కేసు నడిచే కోర్టు, జడ్జిగారి కోర్టు ఒకే భవనంలో ఉన్నాయి. కింద అది, పైన ఇది. ఒకరోజు కూతురి కేసు వాయిదా. మధ్యాహ్నం పన్నెండున్నరకి జడ్జిగారు మీటింగుకని మెట్లు దిగారు, వెనక అడుగు దూరంలో మేస్టారు. కింది వరండా జాతరలా ఉంది. గోడవారగా భార్యా కూతురూ నిలబడి ఉన్నారు. కేసు మళ్లీ రెండు నెలలు వెనక్కి పోయిందని భార్య ముఖమే చెప్పింది. వాళ్లకి ఆరడుగుల దూరంలో, స్తంభానికి జారగిలబడి, అల్లుడుగారు తన ప్లీడరుతో మాట్లాడుతున్నారు. పక్కవాళ్లకి వినపడేంత మెల్లగా.

"తొందరేముంది సార్. మా మామగారు కాలీడుస్తున్నారు, చూశారా? ఇంకెన్నాళ్లు ఆ ఉద్యోగం?"

మేస్టారు విన్నారు. కూతురూ విన్నది. ఆమె గోడ వదిలి జనంలోంచి వచ్చి తండ్రి వెనక చేరింది. ఆయన అది ఓరకంటితో చూసి, మనవాళ్లే కదా అని, బయటివాళ్ల చేతుల లెక్కలో పడ్డారు. ప్లీడరు చేతిలో ఫైళ్లు. ముసలమ్మ చేతిలో మందుల కవరు. జేబులో చెయ్యి పెట్టుకున్న ఒక పొడుగాటివాడు. తీశాడు, రుమాలు. అల్లుడి చేతులు కట్టుకుని ఉన్నాయి. ఇంతలో ఎవరో కాగితాల కట్టలున్న తోపుడు బండి జడ్జిగారి మీదికి తోసుకొచ్చారు. మేస్టారు కుడిచెయ్యి చాచి బండిని ఆపారు. మోచేయి నడుమునుంచి లేచింది.

టక్ మని వినపడింది.

ఒర పట్టీకుండే గుండీ చప్పుడు అది. ఇరవై ఆరేళ్లుగా దాన్ని తను తీసినప్పుడు తప్ప ఆయన విన్నది లేదు. తొడకి ఏమీ తెలియలేదు. చెవికి తెలిసింది. చెయ్యి బండిని వదిలి కిందికి పడేసరికి, పిస్తోలు పిడి మీద అప్పటికే ఇంకో చెయ్యి ఉంది.

ఆ తరవాత జరిగినదంతా ఆయన చెయ్యలేదు, ఆయన పాఠం చేసింది. ఆ చేతి మీద తన చెయ్యి వేసి బలమంతా పెట్టి పిస్తోలుని ఒరలోకి తొక్కారు. నడుము గోడవైపు తిప్పారు. మోకాళ్లు వంచి బరువు కిందికి దించారు. ఇక మిగిలింది అరవడం. 'గన్!' అని అరవాలి. ఆ అరుపుకి బయటనుంచి సెంట్రీలు పరిగెత్తుకొస్తారు, చెయ్యి వేసినవాణ్ణి నేలకి నొక్కుతారు, వాడు పదేళ్లు జైల్లో ఉంటాడు. అరవడానికి నోరు తెరిచి ఊపిరి పీల్చారు.

ఆయన అరచేతి కింద ఉన్న ఉంగరపు వేలు వంకరగా ఉంది. ఏడాది క్రితం ఒక మనిషి తలుపు సందులో పెట్టి నొక్కితే విరిగి, కట్టులో వంకరగా అతుక్కున్న వేలు.

నోరు మూసుకున్నారు.

"వదులు" అన్నారు వెనక్కి తిరక్కుండా.

"వదలను."

"అమ్మలూ, వదులు."

"ఒక్కసారి నాన్నా. వాడు అక్కడే ఉన్నాడు. చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు."

"నా చెయ్యి తియ్యను. నీది తియ్యి."

ఎంతసేపు గడిచిందో ఆయనకి తెలియదు. బండివాడు పక్కనుంచి వెళ్లిపోయేంతసేపు. జడ్జిగారు మూడడుగులు ముందుకి వెళ్లేంతసేపు. ఆ మూడడుగుల దూరం పొడుగునా ఆయన ఆరేళ్లలో మొదటిసారి తను కాసే వీపుని వదిలేసి నిలబడ్డారు. తరవాత అరచేతి కింద వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. ఆయన గుండీ పెట్టి, రెండంగల్లో జడ్జిగారి వెనకకి చేరుకున్నారు. వరండాలో ఎవరూ ఏమీ చూడలేదు. చేతులు చూసేవాడు అక్కడ ఆయన ఒక్కడే.

కారు దాకా ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల్లో ఆయన రెండు లెక్కలు వేశారు. జరిగింది జరిగినట్టు చెబితే కూతురు జైలుకి పోతుంది, అల్లుడి ప్లీడరు పండగ చేసుకుంటాడు. చెప్పకుండా రేపు మళ్లీ బెల్టు పెట్టుకుంటే, ఎక్కడ చెయ్యి వేస్తే ఈయనకి తెలియదో తెలిసిన మనిషి అదే ఇంట్లో, అదే గోడకి తగిలించిన బెల్టు పక్కనుంచి రోజుకి ఇరవైసార్లు తిరుగుతుంది. ఇవాళ గుండీ వినపడింది. రేపు పక్కన లారీ హారను కొట్టవచ్చు.

డ్రైవరు తలుపు తీశాడు. జడ్జిగారు ఎక్కబోయారు.

"మేడం, ఒక్క మాట."

ఆవిడ ఆగారు. ఆరేళ్లలో ఆయన తనంతట తను నోరు తెరవడం అదే మొదలు.

"నా కుడి తొడకి స్పర్శ లేదండి. పిస్తోలు ఉందో లేదో నాకు తెలియడం లేదు."

"ఎప్పటినుంచి?"

"ఎనిమిది నెలలైందండి."

ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూశారు. "అయితే ఈ ఎనిమిది నెలలూ నా వెనక నడిచిందెవరు?"

"నేనేనండి. సగం."

"ఇవాళే ఎందుకు చెబుతున్నారు?"

దీనికి ఆయన దగ్గర సమాధానం ఉంది, అది గోడవారగా భార్య భుజం మీద తలపెట్టుకుని ఉంది. "ఇవాళ బాగా తెలిసొచ్చిందండి" అన్నారు.

జడ్జిగారు చాలామంది అబద్ధాలు విన్న మనిషి. ఇది అబద్ధం కాదనీ, పూర్తి నిజం కూడా కాదనీ ఆవిడకి తెలిసే ఉంటుంది. వరండా వైపు ఒకసారి చూశారు. "ముందు అది అప్పగించి రండి" అని మాత్రం అని కారెక్కారు.

ఆయుధాల గది గుమాస్తా ఒకప్పుడు ఆయన క్లాసులో నవ్వినవాడే. ఫారంలో 'కారణం' అన్న చోట మేస్టారు రాసింది తిరగేసి చదివి, "అంటే ఇంటికెళ్లి పడుకుంటారా మేస్టారూ?" అన్నాడు. పాపం, సరదాకే అన్నాడు. అని, ఆయన ముఖం చూసి, లేచి నిలబడి పిస్తోలు రెండు చేతులతో తీసుకున్నాడు. ముప్పై రోజుల నోటీసు సాయంత్రం అయిదింటికల్లా టైపయింది. ఆ కార్యాలయ చరిత్రలో ఏ కాగితమూ అంత త్వరగా కదల్లేదు.

ఇంట్లో కూతురు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నోటీసు తల్లి చేతిలోంచి తీసుకుని చదివి, మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"నా వల్లే కదా."

"కాలి వల్ల."

"నేను కాల్చేదాన్ని కాదు నాన్నా. ఊరికే చూపిద్దామని." నోటీసు మళ్లీ మడతపెట్టి, "ఏమో" అంది.

ఆయన ఆమె పక్కనే గడప మీద కూర్చున్నారు. బెల్టు లేని నడుము ఎటో కొట్టుకుపోయేలా ఉంది. బయట మోటారుసైకిలు వచ్చి ఆగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది, ముగ్గురూ తలెత్తలేదు. "అది చేతికొచ్చాక ఎవరికీ ఊరికే చూపించడం రాదమ్మా" అన్నారాయన. "అందుకే ఇచ్చేసొచ్చాను."

భార్య తమ్ముడికి పుస్తకాల బైండింగు షాపుంది. షాపు మీద ఒక గది, చాలా ఏళ్లుగా అట్టలూ కాగితాలూ వేసుకునే గది. "మీరొస్తానంటే రేపే ఖాళీ చేస్తా బావా. జిగురు కంపు మాత్రం నా చేతిలో లేదు" అన్నాడతను. నాలుగోరోజు పొద్దున తండ్రీ కూతురూ చూడటానికి వెళ్లారు.

మేస్టారు గది చూడలేదు. గదికి వచ్చే దారి చూశారు. వీధిలోంచి షాపులోకి ఒక తలుపు, షాపులోంచి పైకి ఇరుకైన చెక్కమెట్లు, పైన ఇంకో తలుపు. కిటికీ ఒకటి, వీధివైపు, మనిషి పట్టనంత. వెనక గోడకి దారి లేదు. అంటే రావాలన్నవాడు మెట్లమీదే రావాలి. పైతలుపు గడియ చూశారు, మరలు ఊడి ఉన్నాయి. కొత్త గడియ, లోపల అడ్డకర్ర. తన మంచం ఎక్కడ పడుతుందో అడుగులేసి కొలుచుకున్నారు. పైతలుపుకి అడ్డంగా సరిగ్గా పడుతుంది. తలుపు తెరవాలంటే ముందు మంచం, మంచం మీద ఆయనా జరగాలి. పది అడుగుల గోడకి బదులు ఇది. ఇద్దరు సెంట్రీలకి బదులు ఒకడు, వాడికీ ఒక కాలు సరిగ్గా లేదు.

కూతురు మెట్లు దిగి మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. ఏం చేస్తోందో మేస్టారికి అర్థమైంది, మేనమామకి కాలేదు. ఆరో మెట్టు మీద కాలు పెట్టినప్పుడల్లా చెక్క లేచి పక్క గోడకి కొట్టుకుని షాపంతా అదిరేలా మోగుతోంది.

"అయ్యో, ఆ మెట్టొకటి చచ్చింది బావా, పదేళ్లయింది" అన్నాడు మేనమామ నొచ్చుకుంటూ, సుత్తి కోసం వెతుక్కుంటూ. "చుట్టుపక్కల కొంపలన్నీ లేస్తాయి దాంతో. రెండు మేకులు కొడితే సరి, మీరొచ్చేలోపు కొట్టేయిస్తా."

"వద్దు" అన్నారు తండ్రీ కూతురూ ఒక్కసారే.

అతను సుత్తి పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కూతురు ఆరో మెట్టు మీద నిలబడి, పైమెట్టు మీద కాలు పెట్టి చూసింది. అది మోగలేదు.

"నాన్నా" అంది. "దీన్ని కూడా వదులు చేయించాలి."